భారమంతా రామునిపై వేసిన త్యాగరాజస్వామి

మానవుడు తన బుద్ధిబలాన్ని నమ్ముకొని రేపటిని లెక్కగట్టుకోవడం సహజం. పంట, పెండ్లి, కొలువు, అప్పు, అన్నిటికీ ముందుగానే ఆలోచన చేసుకుంటాడు. ఆ లెక్క తప్పిన నాడు దిక్కుతోచక నిలబడిపోతాడు. తమిళనాట స్థిరపడిన ఒక తెలుగు ఇంట పుట్టిన కాకర్ల త్యాగరాజస్వామి మాత్రం ఆ లెక్కను మొదటినుండీ రామునికే అప్పగించి జీవించారు.

వీరి పూర్వికులది కంభం సీమలోని కాకర్ల గ్రామం. వారు ఏనాడో కావేరీ తీరానికి వలస వెళ్ళి తంజావూరు సీమలో స్థిరపడ్డారు. నాయకరాజుల కాలంలోనూ, తరువాత మరాఠా రాజుల కాలంలోనూ ఆ సీమ తెలుగు కవులకు, గాయకులకు ఆశ్రయమిచ్చింది. 1767 మే 4న తిరువారూరులో రామబ్రహ్మం, సీతమ్మ దంపతులకు జన్మించిన శిశువుకు ఆ ఊరి దైవమైన త్యాగరాజస్వామి పేరే పెట్టారు. బాల్యం తిరువయ్యారులో గడిచింది. రామభక్తి తండ్రినుండి అబ్బింది. సంగీతవిద్య శొంఠి వేంకటరమణయ్యగారి వద్ద లభించింది.

తండ్రి గతించిన పిదప త్యాగరాజుకు దక్కిన నిజమైన ఆస్తి ఇంట పూజలందుకొనే శ్రీరామ పంచాయతన విగ్రహాలే. ఆయన ఉంఛవృత్తిని స్వీకరించారు. రామనామం పాడుతూ వీధులలో తిరిగి, దొరికిన బియ్యంతో ఆనాటి పూట గడిపేవారు. రేపటికి దాచుకొనే అలవాటు లేదు. ఇంటికి వచ్చిన శిష్యులకు అన్నం పెట్టి విద్య చెప్పేవారు.

తంజావూరు ప్రభువు శరభోజి ఆయన గానమహిమ విని, తనను స్తుతించి పాడితే ధనకనకాదులు ఇస్తానని కబురు పంపినట్లు సంప్రదాయ కథనం. త్యాగరాజు నిరాకరించారు. నరుని స్తుతించి సంపాదించిన నిధికన్న రాముని సన్నిధియే తనకు సుఖమని భావించారు. అన్న జప్యేశునికి ఈ నిర్ణయం మింగుడుపడలేదు. లోకరీతిని చూస్తే అన్నగారి కోపంలో అన్యాయమేమీ లేదు. చేతికందిన భాగ్యాన్ని కాదనుకోవడం ఏ సంసారికి నచ్చుతుంది? ఆ కోపంలో ఆయన పూజావిగ్రహాలను కావేరిలో పడవేశారని చెబుతారు. త్యాగరాజు విలపించి, వెదకి వెదకి, చివరకు వాటిని తిరిగి పొందారు.

దైవాన్ని నమ్మినవానికి సందేహాలే ఉండవని అనుకోవడం పొరపాటు. త్యాగరాజు కీర్తనలలో నిష్ఠూరాలున్నాయి, అలకలున్నాయి, ఇంకా దయ రాలేదా అనే నిలదీతలున్నాయి. దుఃఖాన్ని ఆయన దాచుకోలేదు. కాని మొరపెట్టుకొన్నది రామునికే. జవాబు రానంత మాత్రాన మరొక ఆశ్రయం వెదుక్కోలేదు.

వృద్ధాప్యంలో తీర్థయాత్రకు బయలుదేరి కంచి మీదుగా తిరుమల చేరారు. స్వామి ముందు తెర వేసి ఉండగా దర్శనం లభించలేదట. అప్పుడు ఆయన అర్చకులను నిందించలేదు. తనలోని మదమత్సరాలనే తెరను తొలగించమని వేడుకొంటూ పాడగా తెర తొలగిందని భక్తులు చెప్పుకొంటారు. అడ్డంకిని ముందు తనలోనే వెదకడం ఆయన స్వభావం.

ఈ భావాన్నే ఆయన నౌకాచరిత్రము అనే గేయనాటకంలో కథగా మలచారు. గోపికలు కృష్ణునితో కలిసి యమునలో నావ ఎక్కుతారు. తమ అందచందాలకు, తమ నేర్పుకు కృష్ణుడే లొంగిపోయాడని గర్విస్తారు. గాలివాన లేస్తుంది, నావకు చిల్లి పడుతుంది. తమ తెలివి ఏదీ పనికిరాదని గ్రహించి, సిగ్గును సైతం విడిచి ఆయన చెప్పినట్లు నడచుకొన్న తరువాతనే నావ ఒడ్డు చేరుతుంది.

1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, అంతకుముందే సన్యాసం స్వీకరించిన త్యాగరాజు తిరువయ్యారులో సిద్ధిపొందారు. ఆయనకు ఒక్కతే కుమార్తె. మనుమడు సంతానం లేకుండానే గతించడంతో వంశం నిలువలేదు. ధనమూ నిలువలేదు. లోకుల లెక్కలో అది నష్టమే. అయితే వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు కీర్తనలను వ్రాసి భద్రపరచారు. మైసూరు సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ 1920వ దశకంలో తన సొంత ఆస్తిని వెచ్చించి శిథిలమైన సమాధిచోట ఆలయం కట్టించారు. దాదాపు 700 కీర్తనలు నేటికీ నిలిచి ఉన్నాయి. తెలుగు మాట్లాడనివారు సైతం వాటిని తెలుగులోనే పాడుతున్నారు.

ఇంతటి వారసత్వాన్ని త్యాగరాజు ఊహించి కూడబెట్టలేదు. ఆనాటి బియ్యం ఆనాటికి చాలనుకొని, మిగిలినది రామునికి వదిలారు. సొంత నేల విడిచి పరభాషల నడుమ బ్రతుకుతున్న కుటుంబాలకు ఆయన జీవితం ధైర్యమిస్తుంది. మన వంతు పని మనం శ్రద్ధగా చేయాలి. దాని ఫలం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేత పండుతుందో నిర్ణయించేవాడు వేరొకడున్నాడు.