ఏ సంతోషమూ అంటని రోజులు: జాన్ స్టువర్ట్ మిల్

డ్యూటీకి పోతున్నాం, ఇంటికి పైసలు పంపుతున్నాం, కానీ ఏం చేసినా సంతోషం అనిపిస్తలేదని క్యాంపుల్లో కొందరు అన్నలు చెప్తుంటారు. రెండొందల ఏళ్ల కింద ఇదే బాధ పడ్డ ఒక మనిషి గురించి ఈసారి చెప్తాను.

జాన్ స్టువర్ట్ మిల్ పేరున్న ఇంగ్లీషు తత్వవేత్త. 1806లో లండన్‌లో పుట్టాడు. బడికి పంపకుండా తండ్రే చదివించాడు. మూడేళ్లకే గ్రీకు భాష మొదలుపెట్టించాడు. ఆటలు, తోటి పిల్లల సావాసం దాదాపు లేవు. 17 ఏళ్లకు తండ్రి పనిచేసే ఈస్టిండియా కంపెనీ ఆఫీసులోనే చేరాడు. మన దేశాన్ని ఎన్నడూ చూడకుండానే, ఇక్కడి పాలన గురించి ఉత్తరాలు రాసే పని. మన మీద పెత్తనం చేసిన కంపెనీయే, ఆ లెక్క వేరే.

1826 చివర్లో, 20 ఏళ్ల వయసులో, మిల్ తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు. లోకంలో నేను కోరిన మార్పులన్నీ ఈ క్షణమే జరిగితే నాకు సంతోషం కలుగుతుందా అని. లేదనే జవాబు వచ్చింది. ఇక దేనికోసం బతకాలో అర్థం కాలేదు. నిద్ర పోయి లేచినా ఆ బరువు దిగలేదు. ఇష్టమైన పుస్తకాలు కూడా రుచించలేదు. అయినా అలవాటు కొద్దీ ఆఫీసుకు పోతూనే ఉన్నాడు, కాబట్టి బయటికి ఏమీ తెలియలేదు. తండ్రికి చెప్పుకోలేకపోయాడు. అర్థం చేసుకునే వాళ్లెవరూ లేరనుకున్నాడు. ఇట్లా ఏడాదికి మించి బతకలేననుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత మార్మోంటెల్ అనే ఫ్రెంచి రచయిత జీవితకథ చదువుతున్నాడు. తండ్రి చనిపోయిన ఇంట్లో, ఇక మీకు అన్నీ నేనే అని ఒక పిల్లవాడు నిలబడే ఘట్టం వచ్చింది. ఇంటి బరువు మోసే పెద్దకొడుకులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మిల్‌కు కన్నీళ్లొచ్చాయి. తన మనసు చచ్చిపోలేదని అప్పుడే తెలిసింది.

అంతటితో అయిపోలేదు. ఆ దిగులు మళ్లీ మళ్లీ వచ్చింది, ఒక్కోసారి నెలల తరబడి ఉంది. కానీ మొదటంత లోతుకు పోలేదు. 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం కొంత ఊరటనిచ్చింది. ఆయనకు పుస్తకం పనిచేసింది, అందరికీ చేస్తుందని నేననను. ఇప్పుడు డాక్టర్లున్నారు, సిగ్గుపడకుండా పోవాలి.

సంతోషాన్నే వెతుక్కుంటూ పోతే దొరకదని, వేరే పనిలో మనసు పెట్టినప్పుడు అదే దారిలో కలుస్తుందని తర్వాత ఆయన నమ్మాడు. కంపెనీ కొలువు 1858 దాకా చేశాడు. పార్లమెంటు సభ్యుడై ఆడవాళ్ల ఓటుహక్కు కోసం మాట్లాడాడు. మొక్కలు సేకరిస్తూ మైళ్లకు మైళ్లు నడవడం ఆయనకు ఇష్టం. 1873 మే నెలలో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. దానికి కొద్దిరోజుల ముందు కూడా మొక్కల కోసం చాలా దూరం నడిచొచ్చాడు.