వంకర వేళ్లతో లక్ష కళ్లకు చూపు
మధురై కంటి డాక్టరు వెంకటస్వామి జీవితం

మధురై: పెన్ను పట్టుకోవడానికే సహకరించని వేళ్లు. ఆ చేతులతోనే ఒక మనిషి లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారంటే వినేవాళ్లు ఓ పట్టాన నమ్మరు. మధురైలో మాత్రం ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి అక్కడ అందరికీ ‘డాక్టర్ వి’. ఆయన పుట్టింది తెలుగు మాట్లాడే రైతు ఇంట్లో.

కోవిల్‌పట్టి, ఎట్టయాపురం చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో వందల ఏళ్ల కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. బజార్లో తమిళం, ఇంట్లో తెలుగు. ఈ వలసల కథనే కి.రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ పేరుతో తమిళంలో నవలగా రాశారు. అలాంటి ఊళ్లలో ఒకటి అయన్ వడమలాపురం. వెంకటస్వామి అక్కడే 1918 అక్టోబరు 1న పుట్టారు. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు. కాగితం, పెన్సిలు దొరకని రోజులు కావడంతో ఏటి ఇసుకలోనే వేలితో అక్షరాలు దిద్దారు.

ముగ్గురు అక్కచెల్లెళ్లు పోయారు

డాక్టరు కావాలన్న పట్టుదల ఆయనకు చావులు చూసి పుట్టింది. వరసకు అక్కచెల్లెళ్లయ్యే ముగ్గురు నిండు గర్భిణులుగా ఉండగా గుర్రపు వాతం వచ్చి చనిపోయారు. ఊళ్లో డాక్టరు లేడు. నెలలు నిండుతుండగా రక్తపోటు పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, ముఖం, చేతులు వాయడం, తలనొప్పి, కళ్లు మసకబారడం దీని గుర్తులు. ఆ దశలో పట్టుకోకపోతే ఫిట్స్ వస్తాయి. నెలనెలా బీపీ చూసి, మూత్రం పరీక్ష చేస్తే చాలావరకు ముందే తెలిసిపోతుంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఫిట్స్‌ను ఆపుతుంది. ఆ పల్లెలో అప్పుడు ఇవేవీ లేవు. కాన్పుల డాక్టరునే అవుతానని ఆయన అప్పుడే అనుకున్నారు.

మధురై అమెరికన్ కాలేజీలో 1938లో రసాయనశాస్త్రం డిగ్రీ పూర్తయింది. 1944లో మద్రాసు స్టాన్లీ కాలేజీ నుంచి వైద్యపట్టా వచ్చింది. వెంటనే సైన్యంలో డాక్టరుగా చేరారు. అంతా అనుకున్నట్టే సాగుతుండగా ఒళ్లు తిరగబడింది.

తిరగబడిన ఒళ్లు

వచ్చింది రుమటాయిడ్ ఆర్థరైటిస్. వయసు మీద పడితే వచ్చే మోకాళ్ల నొప్పి వేరు, ఇది వేరు. రోగాల నుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేస్తుంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి, చాలాసేపటికి గానీ వదలవు. రెండు చేతులకూ ఒకేసారి వస్తుంది, పడుచువాళ్లనూ వదలదు. వెంకటస్వామి నెలల తరబడి మంచం దిగలేకపోయారు. 1948లో సైన్యం ఆయన్ను ఇంటికి పంపేసింది. అప్పటికి ముప్ఫై ఏళ్లు. నొప్పి కాస్త తగ్గినా వేళ్లు శాశ్వతంగా వంకరపోయాయి. ఆ చేతులతో కాన్పులు చేయడం అయ్యే పని కాదు.

ఇప్పుడు ఈ జబ్బుకు డాక్టర్లు సాధారణంగా ముందు రాసే మందు మెథోట్రెక్సేట్. అది 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. ఆ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే కీళ్లవాతానికి అది మామూలు వాడకంలోకి వచ్చేసరికి 1980లు వచ్చేశాయి. వెంకటస్వామి వేళ్లకు ఆ మందు నలభై ఏళ్లు ఆలస్యం.

కాన్పుల దారి మూసుకుపోవడంతో ఆయన కంటి వైద్యం వైపు మళ్లారు. మద్రాసులో చేరి 1951లో డిప్లొమా, 1954లో ఎంఎస్ పూర్తిచేశారు. తన వేళ్లకు వీలయ్యేలా పనిముట్లు చేయించుకుని, కత్తి పట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. తర్వాత రోజుల్లో ఒక్కరోజే వంద శుక్లాలు తీసిన సందర్భాలున్నాయి. 1956లో మధురై వైద్య కళాశాలలో కంటి విభాగాధిపతి అయ్యారు. అప్పటి ఎర్‌స్కిన్ ఆసుపత్రే నేటి రాజాజీ ఆసుపత్రి. అక్కడ ఇరవై ఏళ్లు చేశారు. 1973లో పద్మశ్రీ వచ్చింది.

ముసలితనం అనుకుని...

పల్లెల్లో శుక్లాన్ని అప్పట్లో జబ్బుగా లెక్కపెట్టేవారు కాదు. నొప్పి ఉండదు, ఎరుపెక్కదు. చూపు మెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది. ముసలితనం కదా అని మూలన కూర్చోబెట్టేవారు. నిజానికి శుక్లం తీస్తే చూపు మళ్లీ వస్తుంది. నీటికాసుల జబ్బులో అయితే పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. రెండూ సద్దుచేయకుండానే వస్తాయి. అందుకే రోగి రాకముందే డాక్టరు ఊళ్లోకి వెళ్లాలని ఆయన 1960ల మొదట్లోనే కంటి శిబిరాలు మొదలుపెట్టారు.

ఉచితమన్నా జనం రాలేదు. బస్సు చార్జీ, తిండి, తోడు వచ్చేవాడి కూలీ ఎవరిస్తారు? అసలు అడ్డంకి అదేనని తెలిశాక అరవింద్ వాళ్లు రోగుల్ని తామే బస్సులో తీసుకెళ్లి, అన్నం పెట్టి, ఆపరేషన్ చేసి, మళ్లీ ఊళ్లో దింపడం మొదలుపెట్టారు.

పిల్లల సంగతి ఇంకా ఘోరం. ఎ విటమిన్ తక్కువైతే ముందు రేచీకటి వస్తుంది, తర్వాత తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు కనిపిస్తాయి. తట్టో, విరేచనాలో పట్టుకుంటే నల్లగుడ్డు కరిగిపోయి శాశ్వతంగా చూపు పోతుంది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త ఆంటోనెట్ పిరీతో కలిసి ఆయన 1970ల్లో మధురైలో ఇలాంటి పిల్లల కోసం పనిచేశారు. విటమిన్ మందుతోపాటు ఆకుకూరలు వండి పెట్టడం తల్లులకు నేర్పించారు. చవగ్గా దొరికే మునగాకు, బొప్పాయిలోనే మందుందని అక్కడి తల్లుల్లో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

పదకొండు మంచాలు

1976లో ఉద్యోగ విరమణ. ఆ ఏడే పదకొండు మంచాలతో అరవింద్ మొదలైంది. బ్యాంకులు అప్పివ్వకపోతే ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లోవాళ్లు నగలిచ్చారు. పెళ్లి చేసుకోని ఆయనకు తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్ల భార్యాభర్తలే సైన్యం. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, బావ డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి మొదటి నుంచీ తోడున్నారు.

డబ్బున్నవాళ్లు కట్టేదాంతో లేనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తారు. ఆదాయం సర్టిఫికెట్ అడగరు. పల్లెటూరి అమ్మాయిలకు శిక్షణిచ్చి, రోగిని సిద్ధం చేసే పనంతా వాళ్లకు అప్పగించారు. సర్జన్ ఒక బల్ల మీద పని ముగించగానే పక్క బల్ల దగ్గరకు తిరుగుతారు.

పాతకాలం ఆపరేషన్‌లో కంటి కటకం తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. అద్దం పగిలితే చూపు మళ్లీ పోయినట్టే. కంట్లోనే పెట్టే లెన్సు వచ్చినా విదేశీ ధర వంద డాలర్ల పైమాటే. 1992లో మధురైలోనే ఆరోల్యాబ్ పెట్టి ఆ ధరను పది డాలర్ల దరిదాపుకు దించారు. దాంతో కూలివాళ్ల కంటికీ లెన్సు అందింది.

తేని, తిరునెల్వేలి తర్వాత 1997లో కోయంబత్తూరులో ఆసుపత్రి తెరిచారు. వెంకటస్వామి 2006 జులై 7న మధురైలో కన్నుమూశారు. ఆయన పోయాక పదమూడేళ్లకు, 2019లో తిరుపతిలోనూ అరవింద్ వచ్చింది. చిత్తూరు వైపున్న మన చుట్టాలు అరవింద్‌లోనే శుక్లం తీయించుకోవాలనుకుంటే ఇప్పుడు సరిహద్దు దాటి రానక్కర్లేదు.