ఓడెక్కినోడు మళ్ల కాలేజీకి ఎందుకొచ్చిండు?

మొన్న ఒక తమ్ముడు ఫోన్ జేసిండు. డిగ్రీ రెండో ఏడాది. సదువు ఇడిసిపెట్టి ఓడల నౌకరికి పోదామనుకుంటున్న, నువ్వేమంటవ్ అన్నా అని అడిగిండు. నేను సుత డిగ్రీ నడుమల ఇడిసినోన్నే. ఏ ముఖం పెట్టుకొని వద్దనాలె? అందుకే రిచర్డ్ హెన్రీ డానా కథ చెప్పిన.

డానా 1815ల అమెరికాల పుట్టిండు. తాత పెద్ద జడ్జి, నాయిన కవి. హార్వర్డ్‌ల సదువుతుంటే తట్టు పోసి కండ్లు దెబ్బతిన్నయ్. పుస్తకం పట్టరాకుంటైంది. ఉన్నోళ్ల పిల్లగాడు, కావాలంటే టికెట్ కొనుక్కొని దర్జాగ తిరిగి రావచ్చు. కానీ 1834 ఆగస్టుల బోస్టన్ రేవుల పిల్‌గ్రిమ్ అనే ఓడ మీద మామూలు కళాసిగ ఎక్కిండు.

దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టు తిరిగి, ఐదు నెలలకు కాలిఫోర్నియా చేరిన్రు. అప్పుడది మెక్సికోది. అక్కడ పశువుల తోళ్ల బేరం. ఎండిన తోళ్లు నెత్తిన పెట్టుకొని అలలల్ల నడిచి పడవల ఎయ్యాలె. శాన్ డియాగోల నెలల తరబడి తోళ్లు నానబెట్టి, గీకి, ఎండబెట్టిండు.

ఒకనాడు కెప్టెన్ ఓడ మీద ఇద్దరు కళాసులను అందరి ముంగట కొరడతోటి కొట్టిండు. రెండోడు చేసిన తప్పల్ల, మొదటోన్ని ఎందుకు కొడుతున్నవని అడుగుడే. డానా చూసుకుంట నిలబడ్డడు. ఎప్పటికైనా వీళ్ల కోసం ఏదన్న చెయ్యాలె అని మనసుల గట్టిగ అనుకున్నడు.

ముందుగ ఇంటికి మళ్లే అలర్ట్ అనే ఓడల ఆయనను పంపాలని బోస్టన్ నుంచి ఆర్డర్ వచ్చింది. కెప్టెన్ మెలిక పెట్టి, ఆయనకు బదులు బెన్ అనే బీద ఇంగ్లీషు పిల్లగాన్ని పిల్‌గ్రిమ్‌కు తోలబోయిండు. తోటి కళాసులు గుర్రుమన్నరు. ఉన్నోని కొడుకు ఇంటికి, లేనోడు ఇంకా ఇక్కడ్నేనా? ఆఖరికి డానా ఆరు నెలల జీతం పైసలు, బట్టలు ఇచ్చి, ఇష్టపడి ఉండేటోన్ని ఎతుక్కున్నడు. ఇంకా ఆలస్యమైతే బతుకంత కళాసిగనే మిగులుతనని ఆయనకు ఎరుక. తోటోళ్లకు ఆ కొనుక్కునే తొవ్వ సుత లేకపాయె.

1836 సెప్టెంబర్‌ల ఇల్లు చేరి, 1837ల డిగ్రీ పూర్తి జేసిండు. లా సదివిండు. 1840ల 'టూ ఇయర్స్ బిఫోర్ ది మాస్ట్' పుస్తకం అచ్చయింది. పబ్లిషర్ 250 డాలర్లిచ్చి హక్కులన్నీ రాయించుకున్నడు. మరుసటేడు కళాసుల పనులు, హక్కులు చెప్పే ఇంకో పుస్తకం రాసిండు. కళాసులు ఆయన ఆఫీసుకు వరుస కట్టిన్రు. 1850ల అమెరికా ఓడల మీద కొరడ దెబ్బలు చట్టం బంద్ జేసింది. అది ఒక్కని గెలుపు కాదు, కానీ ఆయన పుస్తకం సుత దాంట్లో ఒక చెయ్యి. 1854ల పారిపోయి వచ్చిన బానిస ఆంథొని బర్న్స్ కోసం ఫీజు లేకుంట వాదించి ఓడిండు. ఆ రాత్రి సడక్ మీద దెబ్బలు తిన్నడు.

కోర్టు మెట్ల కాడ మా ఊరోళ్ల కాయితాలు పట్టుకొని లాయర్ల ఎంట తిరిగినప్పుడల్ల నాకు డానా యాదికొస్తడు. ఆయన చూసిన దెబ్బలు నేను సుత చూసిన. ఆయన లోపలికి పోయి వాదించిండు, నేను బయట నిలబడ్డ. నేను ఇడిసినంక వాపసు పోయే తొవ్వ దొరకలే.

తమ్మీ, సముద్రం మంచిదే, పో. కానీ సర్టిఫికెట్లు ఏజెంట్ చేతుల పెట్టకు. సీటు మళ్ల దొరుకుతదా, పరీక్షలు తర్వాత రాయొచ్చునా కాలేజీల అడుగు. అడిగినంకనే సంచి కట్టు.