పిట్టల పద్దు రాసిన మనిషి

బొంబాయి ఖేత్‌వాడీలో ఒక పెద్ద కుటుంబం. ఆ ఇంట్లో పదేళ్ల కుర్రవాడు ఒకనాడు ఎయిర్ గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. ఆ రోజుల్లో అది తప్పేమీ కాదు. కుర్రవాణ్ణి పెంచుతున్న మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ కూడా వేటగాడే. పిట్టను కొట్టడం, కూర వండుకోవడం ఆ ఇంట్లో మామూలు సంగతి. కాని ఈ పిచ్చుక గొంతు మీద పసుప్పచ్చ మచ్చ ఒకటి కనిపించింది. రోజూ చూసే పిచ్చుకకు అలాంటిది లేదే! ఇదేం పిట్ట, అసలు తినవచ్చా అని కుర్రవాడికి సందేహం వచ్చింది. మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లి కనుక్కోమని ఒక ఉత్తరం రాసిచ్చి పంపాడు.

పిచ్చుకను కాగితంలో చుట్టుకుని, బెరుకు బెరుకుగా ఆ ఆఫీసులో అడుగుపెట్టిన కుర్రవాడే సలీం అలీ. అప్పటి కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పిట్ట పేరేమిటో చెప్పి పంపించెయ్యలేదు. సొరుగులు ఒక్కొక్కటే లాగి, దేశంలో ఉన్న రకరకాల పిచ్చుకలను వరసగా చూపించాడు. కుర్రవాడి కళ్లు చెదిరాయి. ఇన్ని పిట్టలున్నాయా, వీటన్నిటికీ ఎవరో పేర్లు పెట్టి, ఎక్కడ దొరికిందో ఏ రోజు దొరికిందో చీటీ కట్టి దాచారా అని ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం తొంభై ఏళ్లు వచ్చేదాకా ఆయన్ని వదల్లేదు.

సలీం అలీ 1896 నవంబరు 12న పుట్టాడు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకే తల్లి పోయారు. చదువులో ఆయన గొప్ప విద్యార్థేమీ కాదు. ఈ మాట మన మిత్రులు కొందరికి ధైర్యాన్నివ్వాలి. గణితం కొరుకుడు పడక కాలేజీ చదువు మధ్యలో వదిలేసి, బర్మాలోని తవోయ్‌లో అన్నగారి గనుల వ్యాపారంలో సాయపడటానికి వెళ్లాడు. వ్యాపారం మీదకన్నా అక్కడి అడవుల మీదే మనసు ఎక్కువ పోయింది. 1917లో తిరిగొచ్చాక దావర్ కాలేజీలో వాణిజ్యమూ, పద్దులు రాయడమూ నేర్చుకున్నాడు. దాంతోపాటు సెయింట్ జేవియర్స్‌లో జంతుశాస్త్రం చదివాడు. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది. పద్దుల చదువు ఆయనకు ఉద్యోగంలో అక్కరకు రాలేదు గాని, జీవితమంతా ఆయన చేసిన పని మాత్రం పద్దులు రాయడమే. రూపాయి అణా పైసలకు బదులు పిట్టలు, అంతే తేడా.

డిగ్రీ లేదన్న కారణంతో ప్రభుత్వ పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం ఆయనకు దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో వచ్చినవాళ్లకు చూపించి చెప్పే గైడ్ లెక్చరర్ పని దొరికింది. రెండేళ్లు చేసి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి స్ట్రెసెమన్ అనే మహా పండితుడి దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నాడు. తిరిగొచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగమే ఎత్తేశారు. చేతిలో పెద్ద గురువు దగ్గర నేర్చిన విద్య ఉంది, జేబులో జీతం లేదు. మరొకరైతే ఏమయ్యేవారో గాని, ఆయన భార్యతో కలిసి బొంబాయికి అవతల సముద్రం ఒడ్డునున్న కిహీం గ్రామానికి మకాం మార్చాడు. అక్కడ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి.

1930 వానాకాలమంతా ఆయన ఆ గూళ్లను చూస్తూ కూర్చున్నాడు. చూసింది చూసినట్టు రాసుకున్నాడు. మగ గిజిగాడు గూడు సగం కడతాడు. ఆడపక్షి వచ్చి లోపలికి దూరి పరీక్ష చేస్తుంది. నచ్చితే ఉంటుంది, లేకపోతే వెళ్లిపోతుంది. ఆమె ఒప్పుకున్నాకే మగవాడు గూడు పూర్తి చేస్తాడు. ఆమె గుడ్లు పొదగడం మొదలెట్టగానే పక్కనే ఇంకో గూటికి శ్రీకారం చుడతాడు! మన ఊళ్లలో ఈతచెట్లకు, తాటిచెట్లకు వేలాడే గూళ్లను తరతరాలుగా అందరూ చూశారు. ఓపిగ్గా కూర్చుని, రోజుకో పుట చొప్పున రాసుకున్నవాడు మాత్రం ఆయన. జీతం లేని ఆ ఏడాది చేసిన పనే ఆయనకు శాస్త్రవేత్తగా పేరు తెచ్చింది.

ఆ తర్వాత ఆయనకో ఆలోచన వచ్చింది. సంస్థానాల్లో ఏ ఏ పిట్టలున్నాయో సరైన జాబితాయే లేదు. నాకు జీతం అక్కర్లేదు, ఖర్చులు పెట్టుకోండి, సర్వే చేసి పెడతాను అని సంస్థానాలకు చెప్పాడు. అలా 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిగింది. మన నల్లమలలో మన్ననూరు, ఫరహాబాదు వైపు ఆయన గుడారాలు వేసుకుని తిరిగాడు. తెహ్మీనా వెంటే ఉంది. ఈ రోజు ఆ అడవిలో ఫలానా పిట్ట అప్పుడుండేదా, ఎక్కడుండేది అని ఎవరైనా అడిగితే తెరిచి చూడవలసిన పాత పద్దు అదే. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, ఇంకా ఎన్నో ప్రాంతాలు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయింది. సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్కగారింట్లో ఉంటూ మరింతగా పనిలో పడ్డాడు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది. పిట్టలను చూసే సరదా దొరల బంగళాలు దాటి మన ఇళ్లకు చేరడానికి ఆ పుస్తకం ఎంతో కారణం.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. సలీం అలీ కూడా తుపాకీ పట్టినవాడే. శాస్త్రానికి నమూనాలు కావాలని ఎన్నో పిట్టలను కొట్టాడు. కాని అవసరానికి ఒకటి కొట్టడానికీ, సరదాకి వందలు కొట్టడానికీ మధ్య తేడా ఆయనకు బాగా తెలుసు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర రాజులు నీళ్లు నిలిపిన పల్లపు నేల ఒకటుంది. చలికాలంలో దేశదేశాల బాతులు అక్కడికి వచ్చి దిగేవి. రాజుగారు అతిథులను పిలిచి వేట విందు చేసేవారు. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పిట్టలు కూలాయి. ఆ లెక్కను అక్కడ రాతిపలక మీద చెక్కించారు కూడా. ఆ రోజు సలీం అలీకి సరిగ్గా నలభై రెండేళ్లు నిండాయి. వాళ్లు రాసుకున్నదీ లెక్కే, ఈయన రాసుకున్నదీ లెక్కే. ఒకటి చచ్చినవాటిది, ఒకటి బతికున్నవాటిది.

స్వాతంత్ర్యం వచ్చాక, నీళ్లు తీసేసి ఆ నేలను సాగుకివ్వాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడిగారు. అది న్యాయం కాదని కొట్టిపారెయ్యలేం. భూమి లేనివాడికి భూమి కావాలి. అయితే ఆ నీళ్లు పోతే పిట్టలకు దేశంలో అలాంటి చోటు మరొకటి దొరకదని సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి చెప్పాడు. నీళ్లు నిలిచాయి. తర్వాత అది జాతీయ పార్కు అయింది. 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైంది.

ఆ భరత్‌పూర్‌లోనే ఆయన అంచనా ఒకటి తప్పింది. ఊళ్లవాళ్ల గేదెలు పార్కులో మేస్తే పిట్టలకు చేటని ఆయనా నమ్మాడు, మేత ఆపాలన్నాడు. 1982లో మేతను నిషేధించారు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు; పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. తీరా జరిగిందేమిటి? గేదెలు లేకపోయేసరికి నీళ్లలో గడ్డి ఏపుగా పెరిగి మడుగులను కమ్మేసింది. బాతులకు ఈదడానికి చోటు తగ్గింది. ఈ సంగతి బయటపెట్టింది ఎవరో ప్రత్యర్థులు కాదు. సలీం అలీ సొంత సొసైటీ పరిశోధకులే. పదేళ్లు అక్కడే ఉండి, లెక్కలు తీసి, గేదెలు కూడా ఆ నేలలో భాగమేనని తేల్చారు. అప్పటికి ఆయన లేడు. కాని ఎంత పెద్దవాడి నమ్మకమైనా లెక్క ముందు తలవంచాల్సిందేనని నేర్పింది ఆయనే కదా. అడవి పక్కన బతికే పేదవాణ్ణి శత్రువుగా చూస్తే అటు మనిషికీ, ఇటు పిట్టకూ నష్టమే. ఈ పాఠానికి ప్రాణాలు ఖరీదు కావడమే బాధ.

పిట్టలు ఎందుకు మాయమవుతాయి? తుపాకీ వల్ల అని మనకు తోస్తుంది. కొన్ని అలాగే పోయాయి. కాని తుపాకీకన్నా పెద్ద కారణం, పిట్ట బతికే చోటు పోవడం. గంగా మైదానపు చిత్తడి నేలల్లో ఒకప్పుడు గులాబిరంగు తల ఉన్న బాతు ఉండేది. వేటా జరిగింది, చిత్తడి నేలలు పొలాలూ అయ్యాయి. 1930ల తర్వాత మన దేశంలో ఆ బాతును నిక్కచ్చిగా చూసినవారు లేరు. భరత్‌పూర్‌కు వచ్చే తెల్లటి సైబీరియా కొంగలు ఏటేటా తగ్గిపోయి 2002 తర్వాత రావడమే మానేశాయి. దారిలో వేటా, ఎండిపోయిన మడుగులూ కలిసి వాటి దారి మూసేశాయి.

మన సంగతికి వద్దాం. బట్టమేక పిట్ట మెట్ట బయళ్ల పక్షి. మగది పది కిలోలకు పైగా తూగుతుంది. ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేలమీద. జాతీయ పక్షి ఏదని చర్చ వచ్చినప్పుడు, ఆపదలో ఉన్న ఈ పిట్టకే ఆ గౌరవం దక్కాలని సలీం అలీ కోరాడు. 1963లో నెమలిని ఎంచుకున్నారు. 1980లలో ఆయన సొసైటీ పరిశోధకులు కర్నూలు వైపు రోళ్లపాడులో ఉండి ఈ పక్షి జీవితాన్ని రాసుకున్నారు. 1988లో అక్కడ అభయారణ్యం వెలిసింది. అయితే కంచె లోపల నేల మిగిలింది గాని, కంచె బయట మెట్టచేలు పోయి నీటి పంటలు వచ్చాయి. జొన్న చేల మధ్య తిరిగే పిట్టకు ఆ పంటలు పరాయివి. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనబడటం గగనమైంది. దేశమంతా కలిపి చూసినా రెండు వందలు లేవు.

కలివికోడి కథ ఇంకా విచిత్రం. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే సైనిక వైద్యుడి వల్ల 1848లో ఇది శాస్త్రానికి తెలిసింది. 1900 తర్వాత జాడ లేదు. ఇక లేదనే అనుకున్నారు. సలీం అలీ సొసైటీ మాత్రం పద్దులోంచి ఆ పేరు కొట్టెయ్యలేదు. మనుషుల్ని పంపి కడప జిల్లా పల్లెల్లో వాకబు చేయించింది. పగలు తిరిగిన శాస్త్రవేత్తలకు కనిపించని పిట్ట, రాత్రిపూట దీపం పట్టుకుని తిరిగే ఒక పల్లెటూరి వేటగాడికి తెలుసు. 1986 జనవరిలో, సిద్ధవటం దగ్గరి చిట్టడవుల్లో అది మళ్లీ దొరికింది. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. ఎనభై ఆరేళ్లుగా ఖాళీగా ఉన్న గడి నిండింది. తర్వాత ఆ అడవి లంకమల అభయారణ్యమయింది. తెలుగుగంగ కాలువ దారి కూడా ఈ పిట్ట కోసం కొంత మార్చారు. అయినా పొదలు తగ్గిపోతూనే ఉన్నాయి, కలివికోడి మళ్లీ అరుదైపోయింది.

పద్దు ఎంత పనికొస్తుందో చెప్పడానికి మరొక్క ఉదాహరణ. 1980లలో భరత్‌పూర్‌లో రాబందులను లెక్కపెట్టి ఉంచారు. 1990లలో మళ్లీ లెక్కపెడితే గూళ్లు ఖాళీ. పాత లెక్క లేకపోతే ఏదో తగ్గినట్టుందే అనుకుని ఊరుకునేవాళ్లం. ఉంది గనుక వెతికారు. పశువులకు నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన గొడ్డు మాంసంలోంచి రాబందుకు విషమవుతోందని 2004కల్లా తేలింది. 2006లో పశువుల కోసం ఆ మందు తయారీని ఆపేశారు. అప్పటికే మూడు జాతుల రాబందుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి.

1950లో మోటారు సైకిలెక్కి స్వీడన్‌లో పక్షిశాస్త్ర మహాసభకు వెళ్లిన సలీం అలీ, డెబ్బై రెండో ఏట, డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పక్షుల మహాగ్రంథం మొదటి సంపుటం తెచ్చాడు. 1974కల్లా పది సంపుటాలూ పూర్తిచేశాడు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ రోజుల్లోనే వచ్చిన గెట్టీ బహుమతి యాభై వేల డాలర్లు సొసైటీకి ఇచ్చేశాడు. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్ట వద్దని గొంతెత్తినవాళ్లలో ఆయనొకడు. ఆ అడవి నిలిచింది. 1985లో రాజ్యసభకు నామినేట్ చేశారు. 1987 జూన్ 20న, తొంభై ఏళ్ల వయసులో, బొంబాయిలోనే కన్నుమూశాడు.

అందరమూ సలీం అలీలం కాలేం. కాని మన కాలేజీ ఆవరణలో ఎన్ని రకాల పిట్టలున్నాయని అడిగితే, కాకి, పిచ్చుక, మైనా దాటి ఎంతమందిమి చెప్పగలం? పదేళ్ల కింద ఎన్నుండేవి? ఎవరూ రాసుకోలేదు. కొత్త భవనం కోసం ఆ మూల చింతచెట్టు కొట్టేస్తే దాంతోపాటు ఏం పోయిందో అందుకే మనకు తెలియదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, పొద్దున్నే ఒక అరగంట చాలు. తేదీ వెయ్యాలి, చోటు రాయాలి, చూసింది మాత్రమే రాయాలి. వచ్చే ఏడు చేరే విద్యార్థి ఆ పుస్తకం తెరిచి, ఈ పిట్ట నిరుడుంది, ఈ ఏడు లేదు, ఎందుకని అడిగితే, ఖేత్‌వాడీ కుర్రవాడు సొసైటీ మెట్లెక్కింది అలాంటి ప్రశ్నతోనే.