చిటికెడు ఇనుప లవణము: ఆచార్య న్యూలాండు జీవితము

సోడియము అను లోహమును గాలికి తగులనీయక కిరసనాయిలులో ముంచి దాచుట రసాయనశాలల ఆచారము. నీటిలో వైచినచో నది బుసకొట్టుచు పరుగులిడి, ఉదజని వాయువును వెడలించి, ఒక్కొక్కప్పుడు మండిపోవును. అట్టి లోహమే ద్రవరూపమున నున్న అమోనియాలో వేసినపుడు వింతగా శాంతించును. సున్నకు దిగువ 33 డిగ్రీల చలిలో నుండు ఆ ద్రవమున కరగి, ముదురు నీలివన్నె తాల్చి, చాలసేపు మాఱక నిలిచియుండును. అపుడు ఇనుప లవణము చిటికెడు చేర్చినచో ఉదజని బుడగలు వడివడిగా లేచును; నీలివన్నె విఱిగి బూడిదవన్నె వచ్చును; సోడియము అమైడు అను పదార్థ మేర్పడును. ఇనుము తాను వ్యయము గాదు. పనిని త్వరపఱచుట మాత్రమే దాని వంతు. ఇట్టి ద్రవ్యమును ఉత్ప్రేరక మందురు. ఈ పద్ధతిని చక్కదిద్ది 1934లో లోకమునకు తెలిపిన మువ్వురిలో ఒకడు క్రైస్తవ సన్న్యాసి. ఆయన పేరు జూలియస్ ఆర్థర్ న్యూలాండు.

ఆయన 1878 ఫిబ్రవరి 14న బెల్జియము దేశమున హాన్స్‌బెక అను గ్రామమున జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులు ఆయనను తీసికొని అమెరికా చేరి, ఇండియానా రాష్ట్రమున సౌత్‌బెండు పట్టణమున స్థిరపడిరి. ఆ పట్టణము చెంతనే నోటర్‌డేము విశ్వవిద్యాలయము కలదు. అందు చదివి 1899లో పట్టము నందెను. హోలీక్రాసు సంఘమున జేరి, ధనము నాశింపనని వ్రతము పూని, 1903లో గురుపట్టాభిషిక్తు డయ్యెను. మఱుసటి యేడు వాషింగ్టనులోని కాథలిక్కు విశ్వవిద్యాలయమున డాక్టరు బిరుదము సంపాదించెను.

ఆ బిరుదమునకై ఆయన చేపట్టిన విషయము ఎసిటిలీను వాయువు. పూర్వము సైకిళ్లకును, సంత యంగళ్లకును వెలిగించిన కార్బైడు దీపములో మండునది ఈ వాయువే. దానిని ఆర్సెనికు క్లోరైడుతో కలిపి చూచినపుడు నల్లని దుర్గంధద్రవ్య మొకటి పుట్టెను. దాని యావిరి సోకి ఆ యువకుడు వ్యాధిగ్రస్తుడై కొన్నాళ్లు మంచము పట్టెను. ఇది మనుష్యులకు హానికరమని తెలిసి ఆ పరిశోధనను అంతటితో విడిచెను. కాని ప్రయోగము చేసిన విధమును తన గ్రంథమున నిజాయితీతో వ్రాసియుంచెను. పదునాలుగేండ్లు గడచెను. 1918లో అమెరికా యుద్ధమున మునిగియున్న కాలమున, కొత్త విషవాయువులకై వెదకుచున్న లూయీసు అను రసాయనజ్ఞునకు ఆ గ్రంథము చూపబడెను. మాఱుమూల గదిలోని యా పుటలనుండి లూయిసైటు అను ఘోరాయుధము వెలువడెను. చర్మమును బొబ్బలెక్కించి, ఊపిరితిత్తులను కాల్చు ఆ ద్రవము యుద్ధరంగము చేరకమునుపే 1918 నవంబరులో సంధి కుదిరెను. అయినను అది దేశదేశముల ఆయుధాగారములలో నిలువ చేరెను. న్యూలాండు మూసిన తలుపును మఱియొకడు తెఱచెను.

ఆయన మాత్రము 1904 మొదలు 1918 వఱకు నోటర్‌డేములో వృక్షశాస్త్రమును బోధించుచుండెను. అడవులును బీళ్లును తిరిగి మొక్కలను సేకరించి, 1909లో ప్రకృతిశాస్త్ర పత్రిక నొకటి స్థాపించెను. అట్లని ఎసిటిలీనును మఱువలేదు. 1906లో ఆ వాయువును రాగి లవణమున్న ద్రవములోనికి పంపినపుడు, అంతకుముందెన్నడు నెఱుగని వాసన యొకటి ఆయన ముక్కునకు సోకెను. పదార్థము చిక్కలేదు, వాసన మాత్రమే చిక్కెను. దానిని వెంబడించుచు పదునాలుగేండ్లు గడపెను. లవణములను మార్చి మార్చి చూడగా, తుదకు 1920 ప్రాంతమున ఎసిటిలీను అణువులు మూడు కూడి యేర్పడిన నూనె యొకటి చేతికి వచ్చెను. గంధకముతో గూడిన ఒక ద్రవ్యమును చేర్చగా అది రబ్బరువలె సాగెను. కాని వాడుకకు మిక్కిలి మెత్తన.

1925 డిసెంబరులో రోచెస్టరు నగరమున జరిగిన రసాయనజ్ఞుల సభలో ఆయన ఈ సంగతిని ప్రసంగించెను. డ్యూపాంటు కంపెనీకి చెందిన బోల్టను అచట నుండి వినెను. ఆ కంపెనీ రసాయనజ్ఞులును ఆయనయు గలిసి పనిచేయగా, రెండు ఎసిటిలీను అణువులు కూడిన పదార్థముమీద దృష్టి నిలిచెను. 1930లో కరోథర్సు బృందమువారు దానినుండి క్లోరోప్రీనును, దానినుండి రబ్బరును సాధించిరి. 1931లో ప్రకటింపబడిన ఆ రబ్బరే నేడు నియోప్రీను అనబడునది. చెట్టు రబ్బరు నూనెలో ఉబ్బి చెడును, ఇది చెడదు. 1942లో మలయా, జావా ప్రాంతములు జపాను వశమై చెట్టు రబ్బరు అమెరికాకు దుర్లభమైనపుడు దీని విలువ లోకమునకు తెలిసెను.

అమైడుతో ఆయనకు పని యేమి? ఎసిటిలీను అణువునుండి ఉదజనిని పెఱికి సోడియమును నిలిపినచో, ఆ చోట మఱియొక కర్బనపు గొలుసును అతుకవచ్చును. ఆ పెఱుకుటకు సోడియము అమైడు తగిన పనిముట్టు. 19వ శతాబ్ది యారంభముననే ఫ్రాన్సులో గే-లుస్సాకు, థెనార్డులు క్షారలోహముల అమైడులను చేసిరి. తరువాతివారు కరగిన సోడియముపై 300 డిగ్రీలకు మించిన వేడిలో అమోనియాను పంపి చేయుచుండిరి. అట్లు చేసి నిలువయుంచిన సరకు గాలి తగిలి పసుపువన్నెకు తిరిగినచో పేలు ప్రమాదము గలదు. ఇనుము మొదలగునవి అమోనియాలో ఈ పనిని త్వరపఱచునని కొంద ఱెఱిగియున్నను, వాను, వోగ్టు అను సహచరులతో న్యూలాండు దానిని నమ్మదగిన విధిగా దిద్దెను. 23 గ్రాముల సోడియమునకు గ్రాములో కొద్దిభాగము ఫెర్రిక్కు నైట్రేటు చాలును. కావలసినపుడు కావలసినంత చేసి, ఆ పాత్రలోనే వాడుకొనవచ్చును. నిలువ భయము లేదు, కొలిమి లేదు.

ఈ యమైడు తెలుగుదేశమునకు పరిచయము లేనిది కాదు. 1901లో జర్మనీయందు ఫ్లెగరు అనునతడు దీనితో కృత్రిమ నీలిమందును చౌకగా చేయు మార్గము కనుగొనెను. అట్టి కర్మాగారపు నీలిమందు వెల్లువలో కడప, నెల్లూరు, కర్నూలు మండలముల నీలిపంట క్షీణించి, తొట్లు పాడుపడెను. పండించిన రైతునకు ఆ అమైడు పేరైనను తెలియదు. దాని ఫలము మాత్రము తెలిసెను.

నియోప్రీనువలన రావలసిన ధనమును న్యూలాండు ముట్టలేదు. వ్రతము ననుసరించి అది విశ్వవిద్యాలయమునకును సంఘమునకును చెందెను. 1935లో నికల్సు పతకము ఆయనను వరించెను. 1936 జూన్ 11న, తాను డాక్టరు బిరుదమందిన కాథలిక్కు విశ్వవిద్యాలయమునకే వెళ్లియుండి, గుండె యాగి మరణించెను. అప్పటికి వయస్సు 58 ఏండ్లు.

ఆయన వ్రాసిన మూడు విషయములు మూడు త్రోవలను బోయెను. మొదటిది ఆయన యిష్టమునకు విరుద్ధముగా మారణాయుధ మయ్యెను. రెండవది కోట్ల వ్యాపార మయ్యెను. మూడవది విద్యార్థుల బల్లలపై నిత్యకృత్య మయ్యెను. మొదటిదానికిని మంచి కొన లేకపోలేదు. లూయిసైటునకు విరుగుడుగా ఆక్సుఫర్డులో రెండవ ప్రపంచ యుద్ధకాలమున కనుగొనిన యౌషధము నేటికిని ఆర్సెనికు, పాదరసముల విషమునకు చికిత్సగా వాడబడుచున్నది. వ్రాసినది వ్రాసినవాని చేతిలో నిలువదు. దానిని విషముగా చేయుటయు, విరుగుడుగా చేయుటయు తరువాత చదువువారి పని. కాబట్టి విద్యాశాలలు శాస్త్రమును నేర్పుటతో తమ విధి తీఱెనని తలపరాదు. దానిని చేపట్టు మనుష్యుని తీర్చుటయు వాని విధియే.