మెట్లెక్కిన విశ్వాసం

ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి గుమ్మం దగ్గర పునీత విన్సెంట్ డి పాల్ సభవారు పెట్టె పట్టుకుని నిలబడడం మనలో చాలామందికి తెలిసిన దృశ్యమే. చేతికందిన చిల్లర అందులో వేసి, మన బాధ్యత తీరిందనుకుని ఇంటిదారి పడతాం. ఆ సభకు ప్రాణం పోసినవారిలో ముఖ్యుడు గురువు కాదు, మఠవాసి కాదు. ఇరవై ఏళ్ల కాలేజీ విద్యార్థి. తరువాత భార్యాబిడ్డలతో కాపురం చేసిన గృహస్థు. ఆయన పేరు ఫ్రెడరిక్ ఓజనామ్.

ఫ్రెడరిక్ 1813 ఏప్రిల్ 23న ఇటలీలోని మిలాన్‌లో ఒక ఫ్రెంచి కుటుంబంలో పుట్టాడు. పెరిగింది ఫ్రాన్సులోని లియోన్ నగరంలో. తండ్రి వైద్యుడు. డబ్బివ్వలేని పేదల ఇళ్లకు కూడా వెళ్లి మందిచ్చే మనిషి. 1837లో అలాగే ఒక పేద రోగిని చూడబోయి, ప్రమాదవశాత్తు పడి మరణించాడు. ఇంట్లో భక్తికి లోటు లేదు. అయినా పదిహేను, పదహారేళ్ల వయసులో ఫ్రెడరిక్ మనసును అనుమానాలు చుట్టుముట్టాయి. చిన్నప్పుడు నేర్చుకున్నదంతా నిజమేనా అని రాత్రులు నిద్రపట్టక నలిగిపోయాడు. ఆ సమయంలో తత్వశాస్త్రం బోధించే నోయిరో గురువు ఆ కుర్రవాణ్ణి కసురుకోలేదు. తనవెంట షికారుకు తీసుకువెళ్లి, ఓపికగా మాట్లాడి, నిలదొక్కుకునేలా చేశారు. మన ఇళ్లలో పిల్లలు ప్రశ్నలు వేస్తే విసుక్కునే తల్లిదండ్రులు, మాబోటి గురువులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1831లో న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వెళ్లాడు. అక్కడ గొప్ప శాస్త్రవేత్త ఆంపియర్ ఇంట్లో బస దొరికింది. కరెంటును కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారని హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఒకనాడు దిగులుతో గుడిలో అడుగుపెట్టిన ఫ్రెడరిక్‌కు, ఒక మూల మోకరించి జపమాల చెప్పుకుంటున్న ఆంపియర్ కనిపించాడని చెబుతారు. అంతటి మేధావి చేతిలో జపమాల చూసి ఆ యువకుడి గుండె కుదుటపడింది.

అప్పటి పారిస్ విశ్వవిద్యాలయంలో మతాన్ని ఎగతాళి చేయడం ఫ్యాషన్. ఫ్రెడరిక్, ఆయన స్నేహితులు చర్చావేదికల్లో తిరుసభ చరిత్రను ఎత్తి చూపి గట్టిగా వాదించేవారు. ఒకరోజు ప్రత్యర్థుల్లో ఒకరు సూటిగా అడిగారు. ఒకప్పుడు మీ తిరుసభ మంచి చేసిందనే అనుకుందాం, మరి ఈనాడు మీరేం చేస్తున్నారని ఆ ప్రశ్న సారాంశం. చుట్టూ చూస్తే కార్మికుల పేటల్లో ఆకలి. అంతకు ముందే 1832లో కలరా పారిస్‌లో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. వాదంలో ఎన్నడూ తడబడని ఫ్రెడరిక్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

నేను సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో దేవుడున్నాడని నిరూపించే వాదాలు వరుసగా అప్పజెప్పేవాణ్ణి. పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఆ వాదాలతో ఒక్క ఆకలిగొన్నవాడి ఇంటి తలుపూ నేను తట్టలేదు. అందుకే ఫ్రెడరిక్ ఎదుర్కొన్న ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను కూడా గుచ్చుతూనే ఉంటుంది.

ఫ్రెడరిక్ జవాబు మాటల్లో వెతకలేదు. ఒక స్నేహితుడితో కలిసి, చలికాలానికి దాచుకున్న కట్టెల్లో మిగిలినవాటిని ఒక పేదింటికి మోసుకెళ్లాడు. 1833 ఏప్రిల్ 23న, సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజున, ఆరుగురు విద్యార్థులు, పెద్దదిక్కుగా బెయిలీ అనే పత్రికా సంపాదకుడు సమావేశమయ్యారు. అదే విన్సెంట్ డి పాల్ సభకు ఆరంభం. పేదలకు ఎలా సాయపడాలో ఈ కుర్రవాళ్లకు తెలియదు. ఆ పేటలో పేదల మధ్యనే జీవితం గడిపిన సిస్టర్ రోజలీ రెండు దారి చూపారు. ఏ ఇంటికి వెళ్లాలో చెప్పి, రొట్టె చీటీలిచ్చి పంపారు.

వాళ్లు పెట్టుకున్న నియమం చిన్నదే. డబ్బు పంపించి ఊరుకోకూడదు. స్వయంగా వెళ్లాలి, మెట్లెక్కాలి, ఆ గదిలో కూర్చోవాలి, వాళ్ల కష్టం వినాలి. పేదవాడిలో క్రీస్తు ప్రభువే తనకోసం కాచుకుని ఉన్నాడని ఫ్రెడరిక్ నమ్మాడు. ఉదయం పరిశుద్ధ గ్రంథం చదివి, దివ్యసత్ప్రసాదంలో కలుసుకున్న ప్రభువునే సాయంత్రం ఆ ఇరుకు గదిలో మళ్లీ కలుసుకున్నాడు. ఆయనకు గుడి, పేదవాడి ఇల్లు రెండు వేర్వేరు లోకాలు కావు.

ఆయన సన్యాసి కాలేదు. 1841 జూన్ 23న అమెలీని పెళ్లాడాడు. ప్రతి నెలా 23వ తేదీన మరచిపోకుండా భార్యకు పువ్వులిచ్చేవాడు. 1845లో మరీ అనే కూతురు పుట్టింది. సోర్బాన్‌లో పెద్ద ఆచార్యుడై, పాఠాలు శ్రద్ధగా తయారుచేసుకుని చెప్పేవాడు. ఒక కొత్త సంవత్సరం రోజున, తాకట్టులో ఉన్న ఒక పేద కుటుంబం వారి బీరువాను విడిపించాలనిపించింది. ముందు వెనకాడి ఊరుకున్నాడు. ఇంట్లో కూతురికి వచ్చిన ఆటబొమ్మలు చూస్తే మాత్రం మనసు నిలవలేదు. లేచి వెళ్లి, దాన్ని విడిపించి ఇచ్చాకే ఆయనకు పండుగ పండుగయింది.

ఇంతలో మూత్రపిండాల జబ్బు ఆయన్ను కుంగదీసింది. గాలి మార్పుకోసం ఇటలీ వెళ్లాడు. లేవలేని రోజుల్లో కూడా పరిశుద్ధ గ్రంథం వదలలేదు. రోగులకు ఓదార్పునిచ్చే వాక్యాలను ఏరి కూర్చాడు. పరుగెత్తి సేవ చేసిన క్రీస్తును, మంచంమీద కూడా విడవలేదన్నమాట. 1853 సెప్టెంబరు 8న, మరియమాత జన్మదిన పండుగనాడు, మార్సెయిల్‌లో కన్నుమూశాడు. అప్పటికి వయసు నలభై. 1997 ఆగస్టు 22న జగద్గురువులు రెండవ జాన్‌పాల్ గారు ఆయన్ను పారిస్‌లోనే ధన్యుడిగా ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, మనం పూజకు వెళ్తున్నాం, జపమాల చెబుతున్నాం, పండుగలు చేస్తున్నాం. మంచిదే. అయితే ఈనాడు మీరేం చేస్తున్నారని పక్కింటివారు అడిగితే మనమేం చూపిస్తాం? ఈ వారం పెట్టెలో చిల్లర వేయడం మానవద్దు. దానితోపాటు మన వీధిలో మంచాన పడిన ఒక ముసలమ్మ గుమ్మం తొక్కుదాం. పిల్లలను కూడా వెంటబెట్టుకు వెళ్దాం. అరగంట కూర్చుని ఆమె చెప్పేది విందాం. ఆ పాత మంచం పక్కన మనకంటే ముందే వచ్చి కూర్చున్న ప్రభువును గుర్తుపట్టే కళ్లు మనకూ దయచేయమని వేడుకుందాం.