గ్యారీ కిల్డాల్ గీసిన గీత

గ్యారీ కిల్డాల్ గురించి ఎవరినడిగినా ఒకటే కథ చెప్తారు. ఐబీఎం వాళ్లు వెతుక్కుంటూ వస్తే ఈయన విమానంలో షికారు తిరుగుతున్నాడట, ఆ అదృష్టం కాస్తా బిల్ గేట్స్‌ని వరించిందట. ఆ కథ దగ్గరికి తర్వాత వస్తాను. సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ బిల్డ్ చేసే సరదా ఉన్నవాళ్లు ఆయన గురించి ముందుగా తెలుసుకోవాల్సింది వేరే ఉందని నా నమ్మకం.

లినక్స్ కెర్నల్ కంపైల్ చేసేముందు మెనూకాన్ఫిగ్ తెరిచి మనం చేసేదేంటి? ఏ ప్రాసెసర్, ఏ ఫైల్ సిస్టమ్, ఏ డ్రైవర్లు అని ఎంచుకుంటాం. అవన్నీ ఒక కాన్ఫిగ్ ఫైల్లోకి వెళ్తాయి. షెడ్యూలర్ కోడ్‌ని గానీ, మెమరీ కోడ్‌ని గానీ మనం ముట్టుకోం. మెషీన్‌ని బట్టి మారేది ఒక పక్క, మారనిది ఇంకో పక్క. మనకిది చాలా మామూలు విషయం. 1970ల్లో, చిన్న కంప్యూటర్ల లోకంలో, ఆ గీత ఎవరో ఒకరు గీయాల్సి వచ్చింది.

కిల్డాల్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. వాళ్ల తాతగారు నావికులకి పాఠాలు చెప్పే బడి పెట్టారు. మనవడికీ టీచర్ అవ్వాలనే కోరిక. లెక్కల మాస్టారు అవుదామని వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరి, కంప్యూటర్ల వైపు మళ్లారు. నేవీలో చేరాల్సి వచ్చినప్పుడు కూడా అదృష్టం బోధన రూపంలోనే వచ్చింది. కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గరున్న నేవీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో పాఠాలు చెప్పే పని దొరికింది. 1972లో పీహెచ్‌డీ పూర్తయింది.

1973లో ఆయన రాసిన ఒక పేపర్ మన కంపైలర్ డిజైన్ సిలబస్‌లోకి కూడా వచ్చి కూర్చుంది. డేటా ఫ్లో ఎనాలిసిస్ చాప్టర్ గుర్తుందా? ప్రోగ్రామ్‌లో ఏ చోట ఏ వేరియబుల్ విలువ మారకుండా ఉంటుందో కంపైలర్ తనంతట తాను కనిపెట్టడానికి ఒక సాధారణ పద్ధతి ఇచ్చింది ఆ పేపరే. బిల్డ్ సెట్టింగుల్లో ఓ2 అని పెట్టినప్పుడు కంపైలర్ లోపల చేసే పనుల్లో ఇలాంటి విశ్లేషణ కూడా ఒకటి.

అదే రోజుల్లో ఇంటెల్ చిన్న చిప్‌లు తెస్తోంది. కిల్డాల్ ఆ కంపెనీకి సలహాదారుగా పనిచేస్తూ పీఎల్/ఎం అనే భాష తయారుచేశారు. తర్వాత ఒక ఫ్లాపీ డ్రైవ్ సంపాదించారు. దాన్ని కంప్యూటర్‌కి కలిపే కంట్రోలర్‌ని స్నేహితుడు జాన్ టొరోడ్ కట్టిచ్చారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో సీపీ/ఎం పనిచేయడం మొదలుపెట్టింది. ఇంటెల్‌కి దానిమీద ఆసక్తి లేకపోయింది. దాంతో 1976లో భార్య డొరొతీతో కలిసి డిజిటల్ రీసెర్చ్ కంపెనీ పెట్టారు.

చిక్కు అక్కడే మొదలైంది. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో రకం డిస్క్ కంట్రోలర్. కొత్త మెషీన్ వచ్చిన ప్రతిసారీ సిస్టమ్‌ని తెరిచి సరిచేస్తూ కూర్చోవాలి. ఇమ్సాయ్ అనే కంపెనీ తన మెషీన్లకి సీపీ/ఎం కావాలన్నప్పుడు కిల్డాల్ ఈ పనికి శాశ్వతంగా ముగింపు పలికారు. కీబోర్డు నుంచి అక్షరం తీసుకోవడం, తెరమీద చూపడం, ట్రాక్ ఎంచుకోవడం, సెక్టార్ చదవడం లాంటి పనులన్నీ విడదీసి ఒక చిన్న ముక్కలో పెట్టారు. దానికి బయోస్ అని పేరు. మిగతా సిస్టమ్ అంతా ఏ మెషీన్‌లోనైనా ఒకటే.

సీపీ/ఎం 2.2 వచ్చేసరికి ఆ గీత దగ్గర ఉన్నవి కేవలం 17 జంప్‌ల పట్టిక. కొన్నవాళ్లకి నమూనా బయోస్ సోర్స్ ఇచ్చేవాళ్లు. దాన్ని తమ హార్డ్‌వేర్‌కి తగ్గట్టు మార్చుకుని అసెంబుల్ చేసుకోవాలి. ఎంత మెమరీ ఉందో మూవ్‌సీపీఎంకి చెప్తే ఆ సైజుకి సరిపడా సిస్టమ్ ఇమేజ్ ఇచ్చేది. అందులో సొంత బయోస్‌ని అతికించి, సిస్‌జెన్‌తో ఫ్లాపీ మొదటి ట్రాకుల మీదికి ఎక్కించాలి. అంతే, మీ మెషీన్‌కి మీ సీపీ/ఎం రెడీ. 1979లో వచ్చిన రెండో వెర్షన్‌లో డిస్క్ సైజు, బ్లాకు సైజు లాంటి వివరాలు కూడా కోడ్‌లోంచి పట్టికల్లోకి వచ్చేశాయి. నంబర్లు మార్చుకుంటే చాలు. నా దృష్టిలో మన కాన్ఫిగ్ ఫైల్‌కి ఇది ముత్తాత వరస.

ఇక ఆ విమానం కథ. 1980లో ఐబీఎం వాళ్లు వచ్చిన రోజు కిల్డాల్ విమానం నడిపిన మాట నిజమే. కానీ షికారుకి కాదు, ఒక కస్టమర్ దగ్గరికి పనిమీద వెళ్లారు. ఐబీఎం చూపిన రహస్య ఒప్పందం మీద సంతకానికి డొరొతీ వెనకాడారు. తర్వాత ఏం జరిగిందనేది ఎవరికి వారు ఒక్కోలా చెప్తారు. చివరికి ఐబీఎంకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్, సియాటిల్‌లో టిమ్ ప్యాటర్సన్ రాసిన సిస్టమ్ మీద ఆధారపడింది. సీపీ/ఎం ప్రోగ్రాములు తేలిగ్గా మార్చుకోవడానికి వీలుగా దాని పిలుపులన్నీ సీపీ/ఎం పద్ధతిలోనే ఉండేవి. ఐబీఎం తర్వాత కిల్డాల్ సిస్టమ్‌ని కూడా అమ్మింది, కానీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 ఏమో 240. ఎవరు ఏది కొంటారో చెప్పక్కర్లేదు.

నన్ను ఆలోచనలో పడేసేది ఇదే. సిస్టమ్‌ని శుభ్రమైన గీతలతో విడదీస్తే ఎవరైనా తమ మెషీన్‌కి అమర్చుకోగలరు. ఆ శుభ్రత వల్లే, పైభాగం ఎలా ప్రవర్తించాలో చూసి ఇంకొకరు అలాంటిదే రాయడమూ సులువవుతుంది. కిల్డాల్‌కి పేరు తెచ్చిన గుణమే పోటీదారుకి దారి చూపింది. అయినా గీత గీయకుండా ఉండాల్సిందని నేను అనలేను. అది లేకపోతే వేర్వేరు కంపెనీల మెషీన్ల మీద ఒకే వర్డ్‌స్టార్ నడిచేది కాదు.

1991లో డిజిటల్ రీసెర్చ్ నోవెల్ చేతికి వెళ్లింది. 1994 జూలైలో, తలకి తగిలిన దెబ్బతో, 52 ఏళ్లకే కిల్డాల్ పోయారు. అప్పటికే ఆయన్ని లోకం అవకాశం జారవిడుచుకున్న మనిషిగానే చూస్తోంది. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లో, కంపెనీ ఒకప్పుడున్న చోట, ఐఈఈఈ ఒక ఫలకం పెట్టింది. దాని మీద సీపీ/ఎం ఉంది, బయోస్ ఉంది. విమానం మాట లేదు.